కథా గేముల్లో మంచిపేరు, చెడ్డపేరు నమ్మేలా ఉన్నాయా?

కథలపిచ్చి: మన ఎంపికలతో నడిచే గేముల్లో మనిషికొచ్చే పేరు నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఫాల్అవుట్ 3 (2008) చూడండి. మెగాటన్ ఊరిని అణుబాంబుతో లేపేస్తే కర్మ, అంటే మన మంచిచెడుల లెక్క, పాతాళానికి పడిపోతుంది. తర్వాత ఇంకో ఊరి బయట దాహంతో ఉన్నవాడికి మంచినీళ్ల సీసాలు ఇస్తూ కూర్చుంటే మళ్లీ పుణ్యాత్ముడే. చచ్చినవాళ్ల చుట్టాలు ఆ నీళ్ల లెక్క ఎందుకు ఒప్పుకుంటారు?

గుర్రపురౌతు: కర్మనీ పేరునీ కలిపేశారు మీరు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 (2018)లో అడవిలో ఎవరూ చూడకుండా అమాయకుణ్ణి కాల్చినా ఆనర్ అనే గౌరవం లెక్క తగ్గుతుంది. అది మనం ఆడే పాత్ర ఆర్థర్ మనస్సాక్షి, ఊరి అభిప్రాయం కాదు.

కథలపిచ్చి: మనస్సాక్షే అయితే ఆనర్ పెరిగినప్పుడు దుకాణంవాడు ధర ఎందుకు తగ్గిస్తాడండీ? నా లోపలి పశ్చాత్తాపం కౌంటర్ వెనకున్న మనిషికి ఎలా తెలిసింది? ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు, ఎంత కలిపి చెప్పారు... ఇవేవీ లేకుండా పేరు ఎక్కడినుంచి వస్తుంది?

పాతసేవ్: ఫాల్అవుట్: న్యూ వెగాస్ (2010)ని మర్చిపోయారు. అందులో ఒక్కో వర్గం దగ్గర మంచికో లెక్క, చెడుకో లెక్క. తర్వాత ఎంత మేలు చేసినా పాత చెడు కొట్టుకుపోదు. స్కైరిమ్ (2011)లో నేరాన్ని ఎవరైనా చూస్తేనే తలమీద వెల పడుతుంది, అదీ ఆ ప్రాంతం వరకే. ఇక పుకార్లు కూడా పెడితే ఆడేవాడికి ఏం అర్థమవుతుంది? ఎవడో కారణం చెప్పకుండా మొహం తిప్పుకుంటే బగ్ అనుకుంటాం.

కథలపిచ్చి: న్యూ వెగాస్ మాట ఒప్పుకుంటాను. మచ్చ మచ్చలాగే ఉండటం నాకూ నచ్చింది. కానీ బగ్ అనిపించకుండా చెయ్యొచ్చు. ద వాకింగ్ డెడ్ (2012)లో క్లెమెంటైన్ ఇది గుర్తుపెట్టుకుంటుందని తెరమీద పడ్డప్పుడు నాకు గుండె జారింది. మీటర్ లేదు, అంకె లేదు. ఒక చిన్నపిల్ల చూసింది, అంతే. అక్కడినుంచి ఇంకొక్క అడుగు వేస్తే చాలు. ఆకలికి తాళలేక ఒక రొట్టె ఎత్తుకొచ్చామనుకోండి. రెండ్రోజుల తర్వాత మంట దగ్గర ఇద్దరు "గోదాము మొత్తం ఊడ్చేశాడట" అనుకుంటూ, మనల్ని చూసి టక్కున ఆగిపోవాలి. కాదని చెప్పాలా, ఊరుకోవాలా? మన తర్వాతి ఎంపిక అదే కావాలి.