అప్‌డేట్: మాక్యులా వాపుకు లేజరా, సూదా?

అనంతపురం నుంచి అడిగింది నేనే: నాన్నకు ఎడమ కంట్లో రెటీనా (కంటి వెనక తెర) సిర కొమ్మ ఒకటి మూసుకుపోయి మాక్యులా (ఆ తెర మధ్యలో సూటి చూపునిచ్చే చోటు) వాచింది, లేజర్ చేయించాలా, కంట్లో సూది వేయించాలా అని. సూదితోనే మొదలుపెట్టారు.

సిర మూసుకున్నచోట రక్తం నిలిచిపోతుంది. ఆక్సిజన్ అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వదిలితే సన్న రక్తనాళాల్లోంచి నీరు ఊరి మాక్యులా ఉబ్బుతుంది. సూదిమందు ఆ వీఈజీఎఫ్‌ను ఆపుతుందే గానీ అడ్డును తీయదు. అందుకే మందు బలం తగ్గగానే వాపు తిరగబెట్టొచ్చు. మొదట్లో నెలకొకటి వేసి, తర్వాత ఓసీటీ (రెటీనా పొరల్లో వాపును చూపే) స్కాన్ చూసి సూదికీ సూదికీ ఎడం పెంచుతారు. చూపు బాగైందని మధ్యలో మానేయడమే చాలామంది కొంప ముంచేది.

ఈ సూదిమందుల్లో రానిబిజుమాబ్ 0.5 మి.గ్రా., అఫ్లిబర్‌సెప్ట్ 2 మి.గ్రా., బెవాసిజుమాబ్ 1.25 మి.గ్రా. వాడతారు. చివరిది చవక. కానీ ఒకే వయల్‌ను (మందు సీసాను) చాలా సిరంజీల్లోకి పంచుతారు, అక్కడ శుభ్రత తప్పితే ఇన్ఫెక్షనే. ఎక్కడ నింపారో అడగండి, మొహమాటం వద్దు. 0.7 మి.గ్రా. డెక్సామెథాసోన్ ఇంప్లాంట్ (కంట్లో పెట్టే స్టెరాయిడ్ మందుకడ్డీ) కొన్ని నెలలు పనిచేస్తుంది, అయితే కంటి ప్రెషర్ పెరగొచ్చు, శుక్లం రావచ్చు. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ముదిరినవాళ్లకు వేయరు.

సూదికి ముందు వేసే 5% పొవిడోన్ అయోడిన్ చుక్కల మంటే ఎక్కువ, సూది పోటు తక్కువ. తెల్లగుడ్డు మీద ఎర్రమరక దానంతటదే పోతుంది. నొప్పి పెరుగుతూ చూపు మసకబారితే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. సూది వేయించుకున్నవాళ్లను కొన్నాళ్లు శనక్కాయల దుమ్ములోకి పోనివ్వకండి. బీపీ అదుపులో లేకపోతే రెండో కంటికీ ముప్పే.