సమస్యాపూరణం: సున్న పెట్టినపుడు సున్న రాదు

ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:
సున్న పెట్టినపుడు సున్న రాదు

విషయం ఆప్‌-ఆంప్, అంటే రెండు ఇన్‌పుట్ల మధ్య తేడాను పెంచి చూపే చిప్. పుస్తకంలో దాని గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) అనంతం, రెండు ఇన్‌పుట్లు సమానమైతే అవుట్‌పుట్ సున్న. చేతిలోని 741 అనే ఆప్‌-ఆంప్ చిప్ అలా ఉండదు. ఆ తేడా పద్యంలో కనబడాలి.

దేవరకొండ, టీవీ మెకానిక్:
కాళ్ళు రెండు కలిపి గట్టిగా బిగియించి
నేల తీగఁ జేర్చి నేను చూడ
మీటరందు పుట్టె మిల్లివోల్టులు రెండు
సున్న పెట్టినపుడు సున్న రాదు

నిర్వాహకుడు: యతులన్నీ కుదిరాయి అన్నా. అభ్యంతరం లెక్క దగ్గరే. ఆ రెండు మిల్లీవోల్టులు చిప్ లోపలి తేడా. మీరు ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇన్‌పుట్‌కు ఇవ్వడం) పెట్టలేదు, గెయిన్ సుమారు 2 లక్షలు. గుణిస్తే 400 వోల్టులు! సప్లై ప్లస్, మైనస్ 15 వోల్టులే కాబట్టి అవుట్‌పుట్ 13, 14 దగ్గర అతుక్కుపోవాలి.

దేవరకొండ: నిజమే సార్, బోర్డు మీద పెట్టి చూసిన. ఒక చిప్ ప్లస్ వైపు, ఇంకోటి మైనస్ వైపు పోయింది. మూడో పాదం మారుస్తున్న:
మీటరందు ముల్లు మేర తాకి నిలిచె

నిర్వాహకుడు: ఇప్పుడు పద్యమూ నిలిచింది.

సూర్యాపేట సభ్యుడు "గెయినుకంతు లేదు" అని ఎత్తుకున్నారు. అది పుస్తకంలోని ఆప్‌-ఆంప్, మనది కాదు. మళ్ళీ రాయండి తమ్ముడూ.

జడ్చర్ల, బాదేపల్లి:
తక్కెడందు రెండు తట్టలు ఖాళీయె
ఒక్క వైపుకేల యొరిగియుండు
పట్టి చూడు నీవు పాసంగముంచక
సున్న పెట్టినపుడు సున్న రాదు

నిర్వాహకుడు: అక్కా, ఎంత మంచి మాట పట్టుకొచ్చారు! పాసంగం అంటే తక్కెడ ఒరగకుండా తేలిక తట్టకు కట్టే చిన్న బరువు. ఆఫ్‌సెట్‌ను, అంటే చిప్ లోపలి ఆ తేడాను, సరిదిద్దడానికి తెలుగు మాట కోసం ఎన్నాళ్ళు వెతికానో. 741లో 1, 5 కాళ్ళ మధ్య టెన్ కె ప్రీసెట్ (తిప్పి మార్చుకునే పది వేల ఓమ్‌ల రెసిస్టర్) పెట్టి, దాని నడిమి కాలు మైనస్ సప్లైకి కలుపుతాం. ఫీడ్‌బ్యాక్‌తో గెయిన్ 100 పెట్టుకుంటే అవుట్‌పుట్‌లో 200 మిల్లీవోల్టులు కనబడతాయి. ప్రీసెట్ మెల్లగా తిప్పితే అవి సున్నకు దిగుతాయి. అచ్చంగా పాసంగమే.

నల్లగొండ, లెక్చరర్: పద్యం చాలా నచ్చింది. ఒక్క మాట. పొద్దున ల్యాబులో సున్నకు తెచ్చినది మే నెల మధ్యాహ్నానికి మళ్ళీ ఒరుగుతుంది. చిప్ వేడెక్కితే ఆఫ్‌సెట్ జరుగుతుంది. పాసంగం ఒక్కసారి కడితే సరిపోదు కదమ్మా?

బాదేపల్లి: మా నాయన చిన్న రాయి కట్టేవాడు సార్. వాన పడి వెదురు తట్ట తడిస్తే రాయి విప్పి, ఇంకోటి వెతికేవాడు.