ఆగస్టు 1 వనభోజనం: గని ఊళ్ల బోధకుల ప్రదర్శనకు వస్తువుల సేకరణ, బుధవారం లోగా తేలవలసినవి (కొలరాడోలో డెన్వర్ చుట్టుపక్కల ఊళ్లలోని మన సంఘ సభ్యుల సందేశాలు)

పార్కర్ నుంచి:
అందరికీ నమస్కారం. కొలరాడో రాష్ట్రంగా ఏర్పడి 150 ఏళ్లు నిండే 2026 ఆగస్టు 1న మనం పెట్టదలచిన ప్రదర్శన వస్తువుల జాబితాను బుధవారం సాయంత్రానికి హాలు వారికి అందజేయాలి. ఇక్కడి గని ఊళ్లలో వాక్యం చెబుతూ మంచులో తపాలా మోసిన డయ్యర్ బోధకుని బల్లకు కావలసినవి: మ్యూజియం నుంచి అరువు తేవలసిన పాతకాలపు స్కీలు (మంచు మీద నడవడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి చెక్కలు), తపాలా సంచి, చర్చిలో వాడే ప్రభు బల్ల గిన్నె, పాటల పుస్తకం, గనివాళ్ల కార్బైడ్ దీపం వెలిగించి చూపేవారు, వస్తువుల పక్కన పెట్టే తెలుగు చీటీలు, బల్లలు మోసేవారు. ఎవరు ఏది చేస్తారో ఇక్కడే రాయండి.

అరోరా నుంచి:
అన్నయ్య గారూ, హాలు వారి ఉత్తరం ఇప్పుడే వచ్చింది. అరువు వస్తువులకు సంఘం పేరిట బీమా పత్రం లేనిదే లోపలికి రానివ్వరట. మంట అసలే కూడదట. తాళం వేసే అద్దాల పెట్టెలు, కాపలా మనిషి ఉంటే తప్ప ఇవ్వబోమని మ్యూజియం వారు కూడా చెప్పారు. వంటవారికి బయానా ఇచ్చాక ఖాతాలో మిగిలినది ఈ మూడింటిలో ఒక్కదానికీ చాలదు.

లిటిల్‌టన్ నుంచి:
బీమా సంగతి సంక్రాంతి సభలోనే అడిగాను. "చూద్దాం" అన్నారు. చూడవలసినవారు ఇప్పుడు నన్ను బల్లలు మోయమంటున్నారు.

పార్కర్ నుంచి:
ఆ మాట అన్నది నేను కాదు, వదినగారూ. తప్పెవరిదో ఉగాది సభలో తేల్చుకుందాం. బుధవారానికి ఏం రాయాలో చెప్పండి.

బ్రూమ్‌ఫీల్డ్ నుంచి:
మా నాన్నగారు ఇల్లెందు బొగ్గు గనుల్లో ఫిల్లరుగా, అంటే బొగ్గు ఎత్తిపోసే కూలీగా చేశారు. ఆయన తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే గంప, పార), అన్నం డబ్బా మా ఇంట్లోనే ఉన్నాయి. సొంత వస్తువులకు బీమా అడగరు కదా?

లిటిల్‌టన్ నుంచి:
అడగరు. కానీ డయ్యర్ బోధకుని బల్ల మీద ఇల్లెందు తట్ట ఏమిటి? ఆయనది బంగారు గనుల సీమ, మనది బొగ్గు. జాబితాలోని కార్బైడ్ దీపం కూడా ఆయన కాలానిది కాదు. అది 1900 ప్రాంతంలో వచ్చింది. అంతకుముందు గనివాళ్లు ఇనుప కడ్డీకి కొవ్వొత్తి గుచ్చి గోడకు దిగేసుకునేవారు.

సెంటెనియల్ నుంచి:
అమ్మాయీ, దీపం విషయంలో నీ మాటే నిజం, దాన్ని తీసేయండి. తట్ట విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. డయ్యర్ బోధకుడు కాకముందు విస్కాన్సిన్ సీసపు గనుల్లో పనిచేసినవాడు. 1861లో, దాదాపు యాభై ఏళ్ల వయసులో, ఇక్కడి బక్‌స్కిన్ జో గని ఊరికి వచ్చాడు. చందాలతో పొట్ట గడవక 1864లో వారానికి 18 డాలర్లకు తపాలా మోతకు ఒప్పుకొని, పదమూడు వేల అడుగులకు పైబడిన మస్కీటో కనుమ మీదుగా, తొమ్మిది నుంచి పదకొండు అడుగుల స్కీలు కట్టుకొని నడిచాడు. వాటికి అంటిన మంచు రాల్చడానికి చేతిలో ఒక కర్ర. బ్రెకెన్‌రిడ్జ్‌లో చర్చి కట్టింది 1880లో. అంటే ఆదివారం వాక్యం చెప్పిన మనిషే వారమంతా కూలి మోత మోశాడు. ఆ మోతను చూపకుండా గిన్నె, పాటల పుస్తకం పెడితే సగం మనిషినే చూపినట్టు. బానిసత్వం నుంచి బయటపడి, సెంట్రల్ సిటీలో బట్టలు ఉతికి బతుకుతూ తన ఇంట్లోనే ప్రార్థనలు జరిపించిన క్లారా బ్రౌన్‌కూ జాబితాలో చోటు లేదు.

లిటిల్‌టన్ నుంచి:
మాస్టారూ, అయితే రెండు బల్లలు వేరువేరుగా ఉండాలి. ఒకటి కొలరాడోది, రెండవది 1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఇల్లెందుది. ఏది అసలు వస్తువో, ఏది మనం చేసిన నమూనానో చీటీ మీద స్పష్టంగా ఉండాలి. ఆ చీటీలు నేనే రాస్తాను.

అరోరా నుంచి:
రేకు తొట్టి, బట్టలు రుద్దే గరుకు పలక పాత సామాన్ల అంగడిలో చూశాను. క్లారా బ్రౌన్ చీటీ పక్కన పెట్టవచ్చు. వాటి ఖర్చు నాది, సంఘం ఖాతా ముట్టుకోనక్కరలేదు.

బ్రూమ్‌ఫీల్డ్ నుంచి:
స్కీల కోసం పది అడుగుల చెక్కలు రెండు తెస్తాను. కొనలు వేడినీటి ఆవిరికి వంచాలి, మా గ్యారేజీలో అంత చోటు లేదు.

పార్కర్ నుంచి:
మాది ఖాళీ చేస్తాను, శనివారం పొద్దున రండి. హాలు వారికి "సభ్యుల సొంత వస్తువులు, నమూనాలు, మంట లేదు" అని ఇప్పుడే పంపుతున్నాను. చెక్కలు పది అడుగులంటే మా మినీ వ్యానులో పట్టకపోవచ్చు; పైన క్యారియరున్న బండి ఎవరిది?