నాన్నగారి గ్రామఫోన్ రికార్డులు గోడకి పెట్టాలి, ఎలాగో చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే అండీ. నాన్నగారు కోఠీలో ఒక చిన్న షాపులో కొన్న రికార్డులు నలభై దాకా ఉన్నాయి మా ఇంట్లో, ఆ షాపు మూసేసి చాలా ఏళ్లయింది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు, అటు వెళ్లినప్పుడల్లా మనసు అదోలా అయిపోతుంది. అందుకే హాల్లో ఒక గోడంతా దాని గుర్తుగా చేద్దామనుకున్నా, హెచ్‌ఎంవీ కుక్కబొమ్మ, కొలంబియా, పాలిడోర్ లాంటి రికార్డు కంపెనీల లేబుళ్లు కనబడేలా.

మొదటి రికార్డు అట్ట (పై కవరు) ఫ్రేమ్ కట్టమని ఇస్తే వెనకాల జిగురు పూసి అతికించేశారండీ! ఊడి రావట్లేదు, రెండ్రోజులు అన్నం సయించలేదు నాకు. జిగురు లేకుండా, కావాలంటే రికార్డు తీసి వేసుకునేలా ఎల్‌పీ (పెద్ద సైజు రికార్డు) అట్టలకి ఫ్రేములు చేసేవాళ్లు హైదరాబాద్‌లో ఎవరైనా తెలుసా? రికార్డు 12 అంగుళాలే కానీ అట్ట ఇంకొంచెం పెద్దది, అది అర్థం చేసుకునేవాళ్లు కావాలి. సాయంత్రం ఎండ నేరుగా ఆ గోడ మీదే పడుతుంది, రంగు వెలవకుండా ఏ గాజు వేయించాలి?

78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులు ఆరున్నాయి, కిందపడితే పెంకుల్లా పగులుతాయి కాబట్టి అవి బీరువాలోనే ఉంచుతా. ఇంకోటి, షాపు పేరు పాతకాలం బోర్డులా బ్రష్‌తో రాసే పెయింటర్ ఎవరైనా ఉంటే చెప్పండి, ఫ్లెక్సీ మాత్రం వద్దు.