కారం తక్కువ టెక్సస్ చిల్లీ: ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నె కుదురుతుందా?

ప్లేనో_అమ్మ:
ఆదివారం రాత్రికి చిల్లీ, అదే మాంసం, ఎండుమిర్చి వేసి ఉడికించే ఇక్కడి టెక్సస్ కూర, చేద్దామనుకుంటున్నాను. విజయవాడ నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. ఆయనకు ఎసిడిటీ. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. ఒక పౌండు టర్కీ కీమా, ఉల్లిపాయ, ఎర్ర క్యాప్సికం, టమాటా డబ్బా, రాజ్మా డబ్బా ఉన్నాయి. కారానికి ఆంచో అనే ఎండుమిర్చి పొడి రెండు పెద్ద చెంచాలు సరిపోతుందా? రాజ్మా వేస్తే అది చిల్లీయే కాదంటున్నారు మావారు.

శాన్‌ఆంటోనియో_శ్రీను:
మీవారు కరెక్ట్. 1977లో టెక్సస్ శాసనసభ రాష్ట్ర వంటకంగా ప్రకటించింది చిల్లీని, రాజ్మా కూరని కాదు. 1930ల దాకా మా ఊరి కూడళ్లలో మెక్సికన్ ఆడవాళ్లు రాత్రిపూట బల్లలు వేసి అమ్మిన వంట ఇది. మాంసం, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, అంతే. టెర్లింగ్వా ఊళ్లో జరిగే చిల్లీ వంటల పోటీలో రాజ్మా లాంటి గింజలు వేస్తే గిన్నెను పక్కన పెట్టేస్తారు.

హ్యూస్టన్_రాధ:
ఆవిడ పోటీకి వెళ్లడం లేదు శ్రీను గారూ, ఇంట్లో అన్నం పెడుతున్నారు. రాజ్మా వేస్తే కారం ఇంకా తగ్గుతుంది, పిల్లలకు కడుపు నిండుతుంది. డబ్బా రాజ్మా అయితే కడిగి వేసేయండి. పచ్చి గింజలైతే మాత్రం నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి. వాటిలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, స్లో కుక్కర్ వేడికి అది పోదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లనిచ్చాకే వాడాలి.

కేటీ_కుర్రాడు:
కార్న్‌బ్రెడ్ మర్చిపోకండి.

పల్నాటి_బాబాయ్:
ఆంచో అంటే పండిన పొబ్లానో మిరపకాయని ఎండబెట్టింది. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో 1,000 నుంచి 2,000. మన గుంటూరు సన్నం 30,000 దాటుతుంది. ఆంచో వేస్తే రంగు వస్తుంది తప్ప కారం రాదమ్మా. ఒక్క చెంచా మన కారం వెయ్యి. పిల్లలకి ఇప్పుడు అలవాటు చేయకపోతే ఇంకెప్పుడు చేస్తావు?

హ్యూస్టన్_రాధ:
రంగు, వాసన వచ్చి కారం రాకపోవడమే కదా ఆవిడకు కావలసింది! ఆంచో రెండు చెంచాలు సరిపోతుందండీ. షాపులో చిల్లీ పౌడర్ పేరుతో అమ్మే డబ్బాలో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిసే ఉంటాయి. దాని కొలతలు చూసి మన కారం వేశారంటే ఆ రాత్రి ఎవరూ తినలేరు.

శాన్‌ఆంటోనియో_శ్రీను:
కారం తగ్గించడానికి రాజ్మా ఎందుకండీ? ఆంచో, గ్వాహియో రకం ఎండుమిర్చి కాయలు తీసుకోండి. తొడిమ తీసి, గింజలు దులిపి, లోపలి ఈనెలు గీకేయండి. అసలు ఘాటు ఆ ఈనెల్లోనే ఉంటుంది. మాడకుండా పెనం మీద వేయించి, వేడినీళ్లలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బండి. జీలకర్ర అప్పుడే వేయించి దంచండి. చిక్కదనానికి చివర్లో మాసా అనే మొక్కజొన్న పిండి ఒక చెంచా. రాజ్మా కావాలన్నవాళ్లకు వేరే గిన్నెలో పెట్టండి. ఇక్కడ చాలా ఇళ్లలో అలాగే పెడతారు.

ప్లేనో_అమ్మ:
వేరే గిన్నె, వేరే గిన్నె! రోజూ మా వంటింట్లో మూడు గిన్నెలు. పిల్లలకు చప్పటిది, మావారికి కారంది, మామయ్యగారికి పులుపు లేనిది. అందరికీ వడ్డించి నేను కూర్చునేసరికి వాళ్ల భోజనాలు అయిపోతాయి. ఒక్క పూట, ఒక్క గిన్నెలోది, అందరం కలిసి తినాలని అడిగాను. మీరు శాసనసభ దగ్గరికీ స్కోవిల్ దగ్గరికీ వెళ్లారు.

ఆస్టిన్_వదిన:
నా మాట కూడా ఇదే.

పల్నాటి_బాబాయ్:
కోప్పడకు తల్లీ. నా బాధ చిల్లీ గురించి కాదు. పోయిన వేసవిలో మనవడు వచ్చాడు. వాళ్ల నానమ్మ గోంగూర పప్పు చేస్తే ఒక్క ముద్ద తిని పళ్లెం తోసేశాడు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. ఈ పిల్లలు మన చేతి వంట తినలేకపోతే రేపు మన ఇంటికి దేనికి వస్తారు?

హ్యూస్టన్_రాధ:
బాబాయ్ గారూ, ఆ పప్పులో పచ్చిమిర్చి ఎన్ని వేశారు? నాలుక మండిన పిల్లాడు మన రుచి నేర్చుకోడు, దాన్ని చూసి భయపడతాడు. వాడికి తగ్గట్టు వండితే గోంగూర గోంగూరగానే ఉంటుంది కదా.

పల్నాటి_బాబాయ్:
మా ఇంట్లో ఎప్పుడూ వేసేటన్నే వేసింది. డెబ్బై ఏళ్ల మనిషి చేతివాటం మార్చుకోవాలా?

హ్యూస్టన్_రాధ:
మార్చుకోవాలండి. వాడు చిన్నవాడు, ఆవిడ పెద్దావిడ. తగ్గాల్సింది పెద్దవాళ్లే.

పల్నాటి_బాబాయ్:
ఈ మాట నేను ఒప్పుకోను. తగ్గీ తగ్గీ చివరికి మిగిలేదేముంది?

ప్లేనో_అమ్మ:
రాజ్మా గిన్నెలోనే వేస్తున్నాను, మా చిన్నాడికి ఇష్టం. ఆంచో రెండు చెంచాలు, టమాటా సగం డబ్బా. పిల్లలకు పైన సోర్ క్రీమ్. కారం కావలసినవాళ్లకు జలపెన్యో పచ్చిమిర్చి ముక్కలు, బాబాయ్ గారు చెప్పిన కారం సీసా బల్ల మీదే ఉంటాయి. ఎవరి పళ్లెంలో వాళ్లు కలుపుకుంటారు.

శాన్‌ఆంటోనియో_శ్రీను:
బాగుంటుంది. కానీ ఎవరైనా అడిగితే టెక్సస్ చిల్లీ అని మాత్రం చెప్పకండి.