మోడల్ రైలు లేఅవుట్: లూప్‌లో పూర్తి రైలు వెళ్తే కరెంటు ట్రిప్, దూరం చివర ఇంజన్ నీరసం. ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి)

అందరికీ నమస్కారం. మేడ మీద గదిలో హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్ వేసుకున్నాను, డీసీసీ (పట్టాల ద్వారానే ప్రతి ఇంజన్‌కీ డిజిటల్ ఆదేశాలు పంపే) కంట్రోల్, పట్టాలకు కరెంటు ఇచ్చే 5 ఆంపియర్ల బూస్టర్. మా విశాఖ స్టేషన్‌లో హౌరా-చెన్నై బండ్లకు ఇంజన్ ఇటు తీసి అటు తగిలించాలి కదా, ఇంట్లో ఆ పని లేకుండా రైలు దానంతట అదే తిరిగి రావాలని ఒక చివర బెలూన్ లూప్ (గుండ్రంగా తిరిగి అదే లైన్లో కలిసే పట్టా) వేసి, అక్కడి పట్టాల పోలారిటీని దానంతట అదే తిప్పే ఆటో రివర్సర్ పెట్టాను. ఇంజన్ ఒక్కటే వెళ్తే ఏ ఇబ్బందీ లేదు. డబ్ల్యూఏపీ-7 ఎలక్ట్రిక్ ఇంజన్‌కి ఎనిమిది ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టెలు తగిలిస్తే మాత్రం లూప్ నుంచి బయటికి వచ్చే చోట రివర్సర్ రిలే టకటకా కొట్టుకుని బూస్టర్ ట్రిప్ అవుతోంది. పెట్టెలన్నిట్లో లైట్లు ఉన్నాయి.

ఇంకొకటి, బూస్టర్‌కి దూరంగా ఉన్న రెండో చివర ప్రతి ఇంజనూ నీరసపడిపోతుంది, కానీ మీటర్ పెడితే దగ్గరా దూరంలోనూ 14.6 వోల్టులే చూపిస్తోంది. మూడోది అన్నిటికంటే భయపెట్టింది: ట్రిప్ అయి కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో, పక్క లైన్లో ఆగి ఉన్న పాత డీజిల్ ఇంజన్ నేనేమీ నొక్కకుండానే ఫుల్ స్పీడులో పరుగెత్తింది, చివర అడ్డం పెట్టి ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే నేల మీదే. బూస్టర్ పెద్దది కొనమని ఒకరు, రివర్సర్ మార్చమని ఒకరు అంటున్నారు. రెండూ ఖరీదైనవే, ముందు ఏది చూడాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

దయచేసి ఇప్పుడే ఏమీ కొనకండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు లోపాలు, ఒకదానివల్ల ఇంకొకటి బయటపడుతోంది, అంతే. పెద్ద బూస్టర్ పెడితే మీ పరిస్థితి ఇంకా ప్రమాదం అవుతుంది, ఎందుకో కింద చెప్తాను.

ముందు లూప్ సంగతి. లూప్‌లో రెండు పట్టాలూ రెండు చివర్లా కోసి విడిగా ఉంచిన భాగం ఉంది కదా, దాని పొడవు టేపుతో కొలవండి. తర్వాత మీ రైలు పొడవు కొలవండి, మొదటి చక్రం నుంచి ఆఖరి చక్రం దాకా. ఎల్‌హెచ్‌బీ పెట్టె అసలు పొడవు ఇరవై మూడున్నర మీటర్లు, 87తో భాగిస్తే 27 సెంటీమీటర్లు, ఎనిమిది పెట్టెలూ ఇంజనూ కలిపి సుమారు 2.4 మీటర్లు వస్తుంది. కోసిన భాగం దానికంటే చిన్నదైతే మీ రోగం అదే. ఇంజన్ లోపలికి వెళ్లేటప్పుడు రివర్సర్ లూప్ పోలారిటీని లోపలికి వెళ్లే చోటి గ్యాప్‌కి (పట్టా కోసిన సందుకి) సరిపోయేలా తిప్పుతుంది, బయటికి వచ్చేటప్పుడు దానికి సరిగ్గా వ్యతిరేకంగా తిప్పాలి. తోక ఇంకా మొదటి గ్యాప్ మీద ఉండగానే తల రెండో గ్యాప్ దాటితే ఎటు తిప్పినా ఒకచోట షార్ట్ తప్పదు, పాపం రివర్సర్ ఏం చేస్తుంది, అటూ ఇటూ కొట్టుకుంటుంది, చివరికి బూస్టర్ ఆపేస్తుంది. లైట్ల పెట్టెలు రెండు చివర్లా ఉన్న బోగీల (కింది చక్రాల బళ్ల) నుంచీ కరెంటు తీసుకుంటాయి కాబట్టి పెట్టె గ్యాప్ మీద నిలిచినంతసేపూ రెండు వైపుల్నీ కలిపేస్తుంది. లైట్లు లేని పెట్టెలైనా లోహపు చక్రాలుంటే గ్యాప్ దాటే క్షణంలో ఇదే పని చేస్తాయి. అందుకే ఇంజన్ ఒక్కటే వెళ్తే మీకేమీ కాలేదు.

దీనికి మందు, గ్యాపులు పాయింట్ (లైన్ రెండుగా విడిపోయే చోట దారి మార్చే పట్టాలు) దగ్గరికి జరపడం. పాత గ్యాప్ మీద చిన్న వైరుతో టంకం వేసి కలిపేయండి, కొత్తవి రెండు పట్టాలకూ ఎదురెదురుగా ఒకేచోట కోయండి, కోసిన సందులో ప్లాస్టిక్ ముక్క పెట్టి ఆరల్డైట్ వేయండి. మేడ మీద గది అన్నారు కాబట్టి ఇది వదిలేయకండి, మే నెల ఎండకి పట్టాలు సాగి సందు మూసుకుపోతే మళ్లీ షార్టే. రివర్సర్ ఎన్ని ఆంపియర్లకు తిరగాలో అనే సెట్టింగు ఉంటే అది బూస్టర్ ట్రిప్ కంటే బాగా తక్కువ ఉండాలి, లేకపోతే రివర్సర్ తిరిగేలోపే బూస్టర్ పడిపోతుంది.

ఇక దూరం చివర నీరసం. మీటర్ 14.6 చూపించిందంటే వైరింగ్ బాగుందని కాదు. కరెంటు పారనప్పుడు సన్న వైరూ తుప్పు జాయినరూ (రెండు పట్టా ముక్కల్ని కలిపే లోహపు తొడుగు) కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తాయి, లోడ్ పెట్టాకే నిజం తెలుస్తుంది. 10 ఓమ్‌ల 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి తెచ్చి, దూరం చివర రెండు పట్టాల మధ్య పెట్టి అక్కడే వోల్టేజీ చూడండి. అది బాగా వేడెక్కుతుంది, కొన్ని క్షణాలే పెట్టండి, చేత్తో పట్టుకోవద్దు. మీటర్‌ని ఏసీలో పెట్టండి. డీసీసీ సిగ్నల్ 50 హెర్ట్జ్ కాదు, కొన్ని వేల హెర్ట్జ్, కాబట్టి మామూలు మీటర్ చూపే అంకె అచ్చంగా సరైనది కాకపోవచ్చు. అదే మీటర్‌తో దగ్గరా దూరంలోనూ పోల్చి చూడటానికి మాత్రం ఢోకా లేదు.

తర్వాత రెండు రూపాయల బిళ్ళ తీసుకుని అదే చోట పట్టాల మీద అడ్డంగా పెట్టండి. బూస్టర్ వెంటనే ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే బిళ్ళ తీసేసి, ఏ రైలూ నడపకుండా ఆపి, ఇక్కడ చెప్పండి.

మధ్యలో ఒక మాట (నెల్లూరు నుంచి)

రెసిస్టర్ కోసం తిరగడం ఎందుకండీ, కారు ఇండికేటర్ బల్బు 12 వోల్టులు 21 వాట్లది ఏ ఆటో విడిభాగాల షాపులోనైనా దొరుకుతుంది, అది లోడ్‌గా సరిపోదా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

వెలిగాక సరిపోతుంది, వెలిగే ముందే చిక్కు. చల్లగా ఉన్న ఫిలమెంట్ రెసిస్టెన్స్ వెలిగినప్పటి దానిలో పదో వంతు దగ్గర ఉంటుంది, కాబట్టి తగిలించిన క్షణంలో బూస్టర్ దాన్నే షార్ట్ అనుకుని ట్రిప్ అవ్వొచ్చు, మనం మళ్లీ తప్పు దారిలో వెతుకుతాం. ఈ పరీక్షకి రెసిస్టరే మేలు.

ప్రశ్న అడిగినవారు (విశాఖపట్నం)

కొలిచాను. లూప్‌లో విడిగా ఉన్న భాగం 2.1 మీటర్లే, మీరు అన్నట్టే. రెసిస్టర్ పెడితే దూరం చివర 10.9 వోల్టులకు పడిపోయింది. బిళ్ళ పెడితే బూస్టర్ ట్రిప్ అవ్వలేదు, ఒక జాయినర్ దగ్గర వాసన వచ్చింది, వెంటనే తీసేశాను. ఫీడర్ వైర్లు (పట్టాలకు కరెంటు ఇచ్చేవి) బూస్టర్ దగ్గర ఒక్కచోటే ఇచ్చాను, మిగతా అంతా జాయినర్ల మీదే నడుస్తోంది.

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

ఆ వాసనే అసలు విషయం. లెక్క చూడండి: 10 ఓమ్‌ల మీద 10.9 వోల్టులంటే 1.09 ఆంపియర్లు, దారిలో పోయింది 3.7 వోల్టులు, అంటే మీ పట్టాల్లో, జాయినర్లలో 3.4 ఓమ్‌లు కూర్చుని ఉన్నాయి. పూర్తి షార్ట్ అయినా అక్కడ పారేది 4.3 ఆంపియర్లే. బూస్టర్ 5 దాటితేగాని ఆగదు, కాబట్టి అది హాయిగా పనిచేస్తూనే ఉంటుంది, 60 వాట్లకు పైగా వేడి జాయినర్ల దగ్గర దిగుతుంది. పెట్టె పట్టాలు తప్పి అడ్డం పడితే స్లీపర్లు కరుగుతాయి, ఇంజన్ బోగీ కూడా. పెద్ద బూస్టర్ వద్దన్నది ఇందుకే, ట్రిప్ అయ్యే అంకె ఇంకా పైకి పోతుంది.

సముద్రపు గాలికి జాయినర్లు లోపల నల్లబడతాయి, వాటిని కరెంటు దారిగా నమ్మకండి, అవి పట్టాల్ని వరసలో పట్టుకోవడానికే. బల్ల కింద 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రెండు రంగుల్లో చివరి దాకా లాగండి, ఆ వైరు మీటరుకి 7.4 మిల్లీ ఓమ్‌లే. ప్రతి పట్టా ముక్కకీ 0.5 స్క్వేర్ వైరు, ఒక జానెడు పొడవులోపు, పట్టాకి టంకం వేసి కింది వైరుకి కలపండి. కొంచెం శ్రమే, నడుము నొప్పి పుడుతుంది, కానీ ఒకసారి చేస్తే సంవత్సరాల తరబడి చూసుకోనక్కర్లేదు. లూప్ భాగం ఫీడర్లు మాత్రం ఈ వైరుకి కలపకండి, అవి రివర్సర్ నుంచే రావాలి. ఇక్కడ చాలామందికి చేయి పొరపాటు పడుతుంది.

పరుగెత్తిన డీజిల్ గురించి. ఇంజన్ లోపల ఆదేశాలు అందుకునే డీకోడర్‌లో సీవీ29 అనే సెట్టింగు విలువ ఉంటుంది, అందులో 4 కలిసి ఉంటే డీసీసీ సిగ్నల్ లేనప్పుడు మామూలు డీసీ మీద కూడా నడవమని అర్థం. షార్ట్ సమయంలో సిగ్నల్ చెడితే డీకోడర్ దాన్ని డీసీ అనుకుని ఉన్న వోల్టేజీకి తగ్గట్టు పరుగెత్తుతుంది. ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు మార్చే విడి పట్టా) మీద పెట్టి చదవండి, 6 ఉంటే 2 రాయండి, పొడవు అడ్రసు వాడుతూ 38 ఉంటే 34. వేరే అంకె వస్తే నన్నడగకుండా 4 తీసేయకండి, అందులో 4 కలిసి ఉందో లేదో ముందు చూడాలి. ఇంట్లో ఉన్న ఇంజన్లన్నిటికీ ఇది చేసేయండి.

మరో ప్రశ్న (అమెరికా నుంచి)

నేను ఈ ఏడాది హైదరాబాద్ వచ్చేస్తున్నాను, ఇక్కడి సెట్ తెచ్చుకోవచ్చా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

అడాప్టర్ మీద 100-240 అని రాసి ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల్లో పెట్టకండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అదే అవుట్‌పుట్ ఇచ్చే అడాప్టర్ ఇక్కడ కొనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు (విశాఖపట్నం)

కింది వైరు లాగి ఫీడర్లు అన్నీ టంకం వేశాను, గ్యాపులు జరిపితే విడి భాగం 2.9 మీటర్లు వచ్చింది. అదే రెసిస్టర్‌తో దూరం చివర ఇప్పుడు 14.1. బిళ్ళ ఎక్కడ పెట్టినా బూస్టర్ టక్కున ఆగిపోతోంది. ఎనిమిది పెట్టెల రైలు లూప్ తిరిగి వస్తోంది, డీజిల్ కదలడం లేదు. ఒక్కటే మిగిలింది, యార్డులో ఒక పాయింట్ మీద వెనక నుంచి వస్తే ఇంకా ట్రిప్ అవుతోంది, అన్నిసార్లూ కాదు.

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

చాలా సంతోషం. ఆ పాయింట్ లైవ్ ఫ్రాగ్‌దైతే (ఫ్రాగ్ అంటే రెండు లోపలి పట్టాలు కలిసే మొన, లైవ్ అంటే దానికీ కరెంటు ఉంటుంది), బండి వచ్చే లైన్‌కి పాయింట్ వేసి లేనప్పుడు ఫ్రాగ్ పోలారిటీ ఎదురుగా ఉంటుంది, చక్రం ఎక్కగానే షార్ట్. ట్రిప్ అయినప్పుడు పాయింట్ ఎటు వేసి ఉందో ప్రతిసారీ రాసుకోండి. ఎప్పుడూ తప్పు వైపే ఉంటే వైరింగ్ బాగానే ఉన్నట్టు, పాయింట్ ముందే సరిగ్గా వేసుకోవడమే. సరైన వైపు ఉన్నా ట్రిప్ అయితే ఫ్రాగ్ తర్వాతి రెండు లోపలి పట్టాలకూ ఇన్సులేటెడ్ జాయినర్లు ఉన్నాయో లేదో చూసి, పైనుంచి ఒక ఫోటో పెట్టండి.