గద్దించుమా, మందలించుమా?

అరసున్న: తోటి ఉద్యోగి లెక్కల్లో చేసిన తప్పును ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ ఎత్తిచూపాను. అప్పట్నుంచీ మత్తయి సువార్త మాటొకటి తొలుస్తోంది. "నీవు పోయి, నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు అతనిని..." ఆ చివరిది మందలించుమేనా?

తలకట్టు: గద్దించుము. 18:15, తప్పు చేసిన సహోదరుడి గురించి. మందలింపుగా గుర్తుండటం మీ మెత్తదనం.

అరసున్న: ఇద్దరే ఉన్నచోట గద్దించడమేమిటండీ?

శకటరేఫం: పేచీ అక్కడే. మార్కు సువార్త 4లో యేసు గాలిని గద్దించినదీ ఈ మాటతోనే. తుపానుకు వాడిన క్రియ తోబుట్టువుకా? గ్రీకు మూలంలో రెండూ వేరు. ఇక్కడిది ఎలెంఖో, తప్పు తెలిసొచ్చేలా చూపడం. అక్కడిది ఎపితిమావో, అదిలించడం. మనవాళ్ళు రెంటినీ ఒకే గాటన కట్టారు.

తలకట్టు: లూకా 17:3లో సహోదరుడికీ ఎపితిమావోనే, చూసుకోండి.

వట్రుసుడి: గద్దించులో గద్ద కనబడటం లేదా? పైనుంచి వచ్చి పడటం!

శకటరేఫం: ఆ లెక్కన మందలించులో మంద ఉంది. గర్జ వైపు వెతకండి, గద్దను వదిలేసి.

వట్రుసుడి: సరే. నాకు మాత్రం వేమన చాలు. "తప్పులెన్నువారు తండోపతండంబు." కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి నలుసు వెతికేవాడు ఇందులోనే ఉన్నాడు. "తమ తప్పులెరుగరు" అన్నాక ఇంకేం కావాలి? ఆటవెలదిలో అంత పొదుపు ఇంకెవరికి చేతనయింది?

తలకట్టు: వేమన లెక్క చెప్పి ఊరుకున్నాడు, ఏం చెయ్యాలో చెప్పలేదు. సుమతీ శతకకారుడైతే మరీ తెలివైనవాడు, "నొప్పింపక తానొవ్వక తప్పించుక తిరుగు"మన్నాడు. మత్తయి అలా తప్పించుకోనివ్వడు. "నీవు పోయి" అంటాడు. నన్నడిగితే వచనం బరువంతా ఆ "పోయి" మీదే, గద్దింపు మీద కాదు.

శకటరేఫం: అరసున్నగారి సంగతికి అసలు 18వ అధ్యాయమే వర్తించదు. "నీయెడల తప్పిదము" అని ఉంది. లెక్కల తప్పు ఆయన యెడల చేసింది కాదుగా.

తలకట్టు: ఆ "నీయెడల" కొన్ని ప్రాచీన ప్రతుల్లో లేదు.

శకటరేఫం: లేకపోయినా సరే. ఇప్పుడు నొచ్చుకున్నది అవతలి మనిషి. కాబట్టి 5:23-24 చూడాలి: అర్పణను బలిపీఠం ముందే విడిచి, ముందు వెళ్ళి సమాధానపడటం.

అరసున్న: మీరు గద్ద దగ్గరున్నప్పుడే ఫోన్ చేసి క్షమించమన్నాను. గ్రూపులోనూ అదే రాశాను.

తలకట్టు: మంచిది. కానీ ఫోన్ చేయడం "పోయి" కిందికి వస్తుందా?